షూటింగ్ స్టిక్స్ మీద నుంచి గురి తప్పకుండా కాల్చడం ఎలా?

షూటింగ్ రేంజ్‌లో బల్ల ముందు కూర్చుని, రైఫిల్ కింద ఇసుక సంచులు పెట్టుకుని కాలిస్తే 100 మీటర్ల దగ్గర మూడు బుల్లెట్లూ అగ్గిపెట్టె అంత చోట పడతాయి. అదే రైఫిల్‌తో అదే మనిషి పొదల మధ్య నిలబడి, షూటింగ్ స్టిక్స్ మీద, అంటే రైఫిల్‌ని ఆనించుకునే కర్రల మీద పెట్టి కాలిస్తే ఒకటి పళ్లెం అంచుకి, ఇంకోటి పళ్లేనికి అవతల. అప్పుడు చాలామంది కర్రల్ని తిట్టుకుని ఇంకా ఖరీదైన కర్రలు కొంటారు. నేనూ కొన్నాను. ఏమీ మారలేదు, ఎందుకంటే తప్పు కర్రలది కాదు.

షూటింగ్ స్టిక్స్ మోసేది రైఫిల్ ముందు సగాన్నే. వెనక సగాన్ని మీ భుజం, మోచెయ్యి, నడుము, కాళ్లు మోస్తాయి, వణుకు పుట్టేదీ అక్కడే. చిన్న లెక్క చూడండి. కర్రల మీద ఆనిన చోటు నుంచి తుపాకీ మడమ దాకా, అంటే భుజానికి ఆనే వెనక కొస దాకా, 65 సెంటీమీటర్లు ఉందనుకుంటే, ఆ మడమ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే చాలు, 100 మీటర్ల దగ్గర గురి దాదాపు 15 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. ఓ మోస్తరు జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మొత్తం కలిపితే అటూఇటూగా 15 నుంచి 20 సెంటీమీటర్లు. నడిమధ్యకి గురి పెట్టినా సరే, మడమ దగ్గర ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే ఆ జంతువు గాయంతో పొదల్లోకి పారిపోతుంది. అందుకే ఇక్కడ కర్రల గురించి తక్కువ, మీ ఒంటి గురించి ఎక్కువ చెబుతాను.

ఇదంతా చట్టం వేటకి ఒప్పుకునే చోట, లైసెన్సు, సీజను, భూమి యజమాని అనుమతి అన్నీ ఉన్నవాళ్ల కోసం. మిగతావాళ్లు రేంజ్‌లో కాగితం మీద వాడుకోవచ్చు, ఒక్క ముక్క కూడా మార్చక్కర్లేదు. ఇంకోమాట, కుడిచేతివాటం అనుకుని రాస్తున్నాను, ఎడమచేతివాటం వాళ్లు తిరగేసి చదువుకోండి.

ఎన్ని కాళ్లది?

ఒంటికాలిది తేలిక, నడవడానికీ పనికొస్తుంది. కానీ అది బరువు మోస్తుందే తప్ప పక్కలకి ఊగడాన్ని ఆపదు. రెండు కాళ్లది పక్క ఊపుని బాగా తగ్గిస్తుంది, ముందుకీ వెనక్కీ మాత్రం ఊగుతుంది, అంటే మూడో కాలు మీరే. మూడు కాళ్లది తనంతట తాను నిలబడుతుంది, దక్షిణాఫ్రికా, నమీబియా లాంటి చోట్ల గైడు ముందు నడుస్తూ మోసుకెళ్లి వేటగాడి ముందు పాతేది ఎక్కువగా ఇదే. నాలుగు కాళ్లవాటికి రెండు పంగలు ఉంటాయి, ముందు భాగానికి ఒకటి, మడమ వైపు ఒకటి. పైన చెప్పిన వెనక వణుకుని నేరుగా పట్టుకునేవి ఇవే కాబట్టి నిలబడి కాల్చడానికి వీటిని మించినవి లేవు. ఇబ్బంది ఏంటంటే జంతువు నాలుగడుగులు పక్కకి వేస్తే మొత్తం ఎత్తి మళ్లీ పెట్టాలి.

కొత్తవాళ్లకి నా సలహా మూడు కాళ్లది. డబ్బు పెట్టలేకపోతే మీ ఎత్తున్న రెండు తిన్నటి కర్రలు తీసుకుని, పై నుంచి జానెడు కింద రెండింటికీ చిల్లు పెట్టి ఒక బోల్టు బిగించండి, విప్పితే పైన పంగ అదే తయారవుతుంది. ఆ పంగకి పాత సైకిల్ ట్యూబు చుట్టండి. అంతే. చూడ్డానికి బాగోదు కానీ పని చేస్తుంది.

ముందు ఎత్తు, తర్వాత కాళ్లు

ఎత్తు ముందే, ఇంట్లోనే సరిచేసుకోవాలి, జింక ఎదురుగా నిలబడ్డాక కాదు. ఖాళీ రైఫిల్‌ని, అంటే తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకున్న రైఫిల్‌ని పంగలో పెట్టి, మామూలుగా నిలబడి భుజానికి ఆనించండి. మెడ వంచకుండా, మునివేళ్ల మీద లేవకుండా స్కోప్‌లో బొమ్మ నిండుగా కనపడాలి. కొంచెం తక్కువైనా పర్వాలేదు, మీ కాళ్లు ఎడం చేసి నిలబడితే సరిపోతుంది. ఎక్కువైతే మాత్రం పనికిరాదు, భుజం పైకెత్తి కాల్చాల్సి వస్తుంది, అలా ఎత్తిన భుజం పది సెకన్లలో వణుకుతుంది. ఎత్తు కుదిరాక కర్రల కాళ్ల మీద రంగు టేపుతో గుర్తు పెట్టేయండి. నిలబడటానికి ఒకటి, కూర్చోడానికి ఒకటి.

కర్రల కాళ్లు బాగా ఎడంగా ఉండాలి. సన్నగా, నిటారుగా నిలబెట్టిన మూడు కాళ్లదాని కంటే వెడల్పుగా పెట్టిన రెండు కాళ్లదే నయం. మూడు కాళ్లదైతే నేను ఒక కాలు లక్ష్యం వైపు, రెండు కాళ్లు నా వైపు పెడతాను, నేను కాస్త ముందుకి ఆనినప్పుడు ఆ ముందు కాలు బరువు ఆపుతుంది. వాలు నేలయితే రెండు కాళ్లు పల్లం వైపుకి. రెండు కాళ్లదైతే అడుగు భాగాన్ని మీకు ఒక అడుగు దూరంలో పెట్టి పై భాగాన్ని మీ వైపు వాల్చండి, అప్పుడే మీ బరువుకి అది ఎదురు నిలుస్తుంది. బండ మీద, ఎండుటాకుల మీద రబ్బరు బుడిపెలు జారతాయి కాబట్టి పెట్టాక ఒకసారి కిందికి నొక్కి చూడటం మర్చిపోవద్దు.

రైఫిల్ ఎక్కడ ఆనాలి

గొట్టాన్ని కర్రల మీద ఆనించకండి, ఎప్పుడూ. బుల్లెట్ బయటికి వెళ్లేటప్పుడు గొట్టం సన్నగా కంపిస్తుంది, దాన్ని ఏదైనా తాకితే ఆ కంపనం మారి, బుల్లెట్ మీరు జీరో చేసుకున్న, అంటే స్కోప్‌ని ముందే సరిచేసి పెట్టుకున్న చోట కాకుండా వేరే చోట పడుతుంది. ఆనాల్సింది గొట్టం కింద ఉండే ఫోరెండ్, అదీ దాని మధ్య భాగం. మరీ కొసన పెడితే జంతువు కదిలినప్పుడు తిప్పడం కష్టం, మరీ తూటాలుండే మ్యాగజైన్ దగ్గరికి తెస్తే ముందు వైపు బరువై తూగుతుంది.

గట్టి చెక్క మీద, ఇనుము మీద నేరుగా పెట్టినా రైఫిల్ కాల్చగానే పైకి ఎగురుతుంది. అందుకే ఆ సైకిల్ ట్యూబు. ఎడమ చేత్తో పంగ మెడనీ ఫోరెండ్‌నీ కలిపి పట్టుకోండి, బొటనవేలు రైఫిల్ మీదికి, మిగతా వేళ్లు కర్ర చుట్టూ. పిడికిలి బిగించొద్దు, సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నంత చాలు. పెద్ద క్యాలిబర్లకి, అంటే లావు తూటాల రైఫిళ్లకి మాత్రం ఫోరెండ్‌ని గట్టిగానే పట్టుకోవాలి, లేకపోతే రైఫిల్ పంగలోంచి లేచిపోయి రెండో బుల్లెట్‌కి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇప్పుడు అసలు సంగతి, వెనక సగం

పాదాలు భుజాలంత ఎడంగా, ఎడమ పాదం కాస్త ముందుకి. మోకాళ్లు బిగించకండి, కాస్త వదులుగా ఉంచండి. నడుము నుంచి కొద్దిగా ముందుకి వాలండి. రైఫిల్ కర్రల్లోకి ఆనుతున్నట్టు తెలియాలి, అంతేకానీ మీరు కర్రల మీద వేలాడకూడదు. వెనక్కి వంగి నిలబడటం చాలామందికి అలవాటు, బరువుగా ఉన్న రైఫిల్‌ని ఎత్తి పట్టుకునేటప్పుడు ఒళ్లు తనంతట తానే అలా చేస్తుంది. కర్రలు ఆ బరువు మోస్తున్నాయి కాబట్టి ఇక దాని అవసరం లేదు, కానీ ఆ సంగతి ఒంటికి మీరే నేర్పాలి.

తర్వాత కుడి మోచెయ్యి. గాల్లో రెక్కలా లేచి ఉన్న మోచెయ్యే నా దృష్టిలో సగం తప్పిన గురులకి కారణం. దానికి ఏదో ఒక ఊతం వెతకండి. కనీసం పక్కటెముకలకి ఆనించండి. ఇంకా మంచిది, చేతికర్ర ఒకటి ఉంటే దాన్ని నేల మీద నిలబెట్టి, పై కొసని చంక కిందకో మడమ కిందకో తెచ్చి కుడి చేతి చివరి వేళ్లతో పట్టుకోండి. చెట్టు ఉంటే కుడి భుజాన్ని దానికి ఆనించండి. పక్కన స్నేహితుడు ఉంటే అతను మీకు కుడివైపు, ఒక అడుగు వెనక, మీకు అడ్డంగా నిలబడితే అతని భుజం మీద మోచెయ్యి పెట్టవచ్చు. గొట్టం కొసకి వెనకే ఉండాలి, చెవులకి రక్షణ ఉండాలి, ఈ రెండూ లేకపోతే ఆ పని చేయొద్దు. ఒకసారి ఇలా కాల్చి చూస్తే స్కోప్‌లో గురి చూపే అడ్డం, నిలువు గీతలు, అదే క్రాస్‌హెయిర్, అంత నిలకడగా ఉంటుందా అని ఆశ్చర్యపోతారు.

సమయం ఉండి, గడ్డి అడ్డం రాకపోతే అసలు నిలబడకండి. కూర్చోండి. కర్రలు పొట్టి చేసి ముందు పెట్టుకుని, కుడి మోకాలు పైకి లేపి, మోచెయ్యి పైనున్న మెత్తటి కండని మోకాలి మీద ఆనించండి. ఎముక మీద ఎముక పెడితే జారుతుంది, కండ మీద ఎముక కుదురుగా ఉంటుంది. నిలబడి 80 మీటర్ల దగ్గర అనుమానంగా ఉన్నవాళ్లు ఇలా కూర్చుని 150 దగ్గర ధైర్యంగా కాల్చడం చూశాను.

కుదురుకున్నాక ఒక పరీక్ష. కళ్లు మూసుకుని ఒకసారి ఊపిరి పీల్చి వదిలి, కళ్లు తెరవండి. క్రాస్‌హెయిర్ ఎక్కడుంది? పక్కకి పోయి ఉంటే చేతులతో లాగి సరిచేయకండి, అలా లాగిన చెయ్యి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో వదిలేస్తుంది. పాదాలు జరపండి, లేదా కర్రల కాలు ఒకటి జరపండి. అడవిలో దీనికి ఎప్పుడూ టైం దొరకదు, నిజమే, కానీ రేంజ్‌లో వందసార్లు చేసినవాడి పాదాలు అడవిలో అడక్కుండానే సరైన చోట పడతాయి.

ట్రిగ్గర్

స్కోప్ మాగ్నిఫికేషన్ తగ్గించండి. 12 రెట్ల దగ్గర పెడితే మీ గుండె కొట్టుకోవడం కూడా భూకంపంలా కనపడి టెన్షన్ వస్తుంది. నిలబడి 100 మీటర్లకి 4 నుంచి 6 చాలు.

క్రాస్‌హెయిర్ ఎంత చేసినా కొంచెం తిరుగుతూనే ఉంటుంది. తిరగనీయండి. అది తిరిగే చోటు మొత్తం జంతువు ఛాతీ లోపలే ఉంటే మెల్లగా నొక్కడం మొదలుపెట్టండి. అది సరిగ్గా మధ్యకి వచ్చిన క్షణాన్ని పట్టుకుందామని ట్రిగ్గర్‌ని ఒక్కసారిగా లాగితే అయిపోయింది, లెక్కలో చెప్పిన ఆ మిల్లీమీటరు అక్కడే జరుగుతుంది. ఊపిరి వదిలాక వచ్చే చిన్న విరామంలో, వేలి మొదటి కణుపు మెత్తటి భాగంతో, తిన్నగా వెనక్కి. ఆరేడు సెకన్లలో పేలకపోతే వేలు తీసేసి మళ్లీ ఊపిరి పీల్చుకోండి. ఊపిరి బిగబట్టి మొండిగా చూస్తుంటే కళ్లు మసకబారతాయి.

సేఫ్టీ తీసేది ఎప్పుడంటే, రైఫిల్ కర్రల మీద కుదురుకుని, కాల్చేది ఏ జంతువో ఖాయమై, దాని వెనక బుల్లెట్‌ని ఆపేంత మట్టిగట్టు ఉందని చూశాకే. గట్టు అంచున ఆకాశం ముందు నిలబడ్డ జంతువు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

పేలాక తల ఎత్తకండి. రైఫిల్ కర్రల మీదే ఉంచి, రైఫిల్ బోల్టు (తూటా ఎక్కించే పిడి) తిప్పి రెండో బుల్లెట్ ఎక్కించి, స్కోప్‌లోంచే చూస్తూ ఉండండి. జంతువు ఎలా కదిలింది, ఏ పొద పక్కన మాయమైంది, ఇవి గుర్తు పెట్టుకోవాలి. తల ఎత్తి చూసేవాడికి ఇవేవీ తెలియవు, పైగా ఎత్తే తొందరలో బుల్లెట్ గొట్టం దాటకముందే రైఫిల్ కదిలిపోతుంది.

సాధన

బుల్లెట్లు అక్కర్లేదు. ఖాళీ రైఫిల్‌లో ఉత్తుత్తి తూటా పెట్టుకుని, బుల్లెట్లన్నీ వేరే గదిలో ఉంచి, గోడకి ఒక చిన్న చుక్క పెట్టి రోజుకి పది నిమిషాలు. పదడుగులు నడవడం, ఆగడం, కర్రలు విప్పడం, రైఫిల్ ఆనించడం, మోచేతికి ఊతం చూసుకోవడం, క్లిక్. మొదట్లో ఇరవై సెకన్లు పడుతుంది, నెల తిరిగేసరికి ఆరేడుకి వస్తుంది. చప్పుడు కాకుండా విప్పడం కూడా ఇందులో భాగమే, అల్యూమినియం కాళ్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడుకి జింకలు మీ కోసం ఆగవు.

రేంజ్‌లో దూరం దగ్గర అత్యాశ వద్దు. బ్రిటన్‌లో జింకల వేట నేర్చుకునేవాళ్లు రాసే డీఎస్‌సీ 1 (డీర్ స్టాకింగ్ సర్టిఫికెట్, మొదటి స్థాయి) పరీక్షలో 100 మీటర్ల దగ్గర పడుకుని, 70 దగ్గర కూర్చుని లేదా మోకాళ్ల మీద, 40 దగ్గర నిలబడి కాలుస్తారు, నిలబడేటప్పుడు కర్రలు వాడుకోవచ్చు. అదే వరుస మీరూ పెట్టుకోండి. 10 సెంటీమీటర్ల గుండ్రటి కాగితం పెట్టి, నిలబడి కర్రల మీద నుంచి 40 మీటర్ల దగ్గర పదికి పదీ లోపల పడ్డాకే 60కి, తర్వాత 80కి వెళ్లండి. తొమ్మిది పడి ఒకటి బయటికి పోయిందా, మీ హద్దు అంతకుముందు దూరమే.

ఒక్క మార్పు చేయండి. పది బుల్లెట్లూ ఒకేసారి కాల్చేయకుండా ఒకటి కాల్చి, కర్రలు మూసి, ఇరవై అడుగులు వేగంగా నడిచొచ్చి, గుండె కొట్టుకుంటుండగానే మళ్లీ విప్పి రెండోది కాల్చండి. ఆ రోజు మొట్టమొదటి బుల్లెట్ ఎక్కడ పడిందో విడిగా ఒక పుస్తకంలో రాసుకోండి. వేటలో సాధారణంగా దొరికేది ఆ మొదటిది ఒక్కటే, నా పుస్తకంలో అది రెండేళ్లపాటు మిగతా తొమ్మిదికీ దూరంగా, ఎప్పుడూ కుడివైపే పడుతూ వచ్చింది, మోచెయ్యి సంగతి నాకు అలాగే తెలిసింది.