సెకండ్ హ్యాండ్ సైడ్-బై-సైడ్ పార్టులు: బిగించాక మొదలయ్యే తంటాలు, వాటికి విరుగుడు

అమెరికాలో ఇసుక దిబ్బల మీద, బురద దారుల్లో తిరిగే పొలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ లాంటి సైడ్-బై-సైడ్ (పక్కపక్కన కూర్చుని నడిపే ఆఫ్-రోడ్ బండి)కి కొత్త పార్టు ధర విన్నాక చూపు సాల్వేజ్ యార్డు (పాడైన బండ్ల పార్టులు ఊడదీసి అమ్మే చోటు) వైపు పోవడం సహజమే. కొనొచ్చు. కానీ ముందు మన బండిలో ఆ పార్టు ఎందుకు పోయిందో తేల్చుకోవాలి. అసలు కారణం బండిలోనే ఉండిపోతే, తెచ్చినదాన్ని కూడా అదే తినేస్తుంది. కింది వివరాలు ఎక్కువగా 2014 మోడల్ నుంచి వస్తున్న ఆర్‌జెడ్‌ఆర్ ఎక్స్‌పీ 1000 గురించి. మిగతా బండ్లకీ చూసే పద్ధతి ఇదే.

సమస్య: పార్టు వచ్చింది, బండిలో కూర్చోవడం లేదు

"ఆర్‌జెడ్‌ఆర్ 1000 అన్నిటికీ పడుతుంది" అని అమ్మేవాళ్లు రాసేస్తారు. పేరు ఒకటే అయినా ఏడాదికేడాది పార్టులు మారుతుంటాయి. టర్బో బండి పార్టులు చాలావరకు వేరు. కంపెనీ పార్టుల బొమ్మలు ఆన్‌లైన్లో ఉచితంగానే దొరుకుతాయి. మీ మోడల్, సంవత్సరం పెట్టి పార్టు నంబరు రాసుకోండి, దాని స్థానంలో కొత్త నంబరు వచ్చిందేమో కూడా చూడండి. తర్వాత ఆ పార్టు ఊడదీసిన బండి విన్ (బండి గుర్తింపు నంబరు) ప్లేటు ఫొటో అడగండి. 17 అక్షరాల్లో పదోది మోడల్ సంవత్సరం: ఈ అంటే 2014, ఎఫ్ 2015, జి 2016, హెచ్ 2017. ఆ తర్వాత ఐ వాడరు కాబట్టి జె అంటే 2018. ప్లేటు గీకేసి ఉన్నా, ఫొటో ఇవ్వడానికి నసిగినా ఆ బేరం వదిలేయండి. దొంగబండి సామాను కావచ్చు.

చక్రాలకి బోల్టుల కొలత చూస్తే చాలు. ఎక్స్‌పీ 1000కి 4×156 మిల్లీమీటర్లు, క్యాన్-యామ్ మావెరిక్ ఎక్స్3కీ హోండా టాలన్‌కీ 4×137. రిమ్ము కంటికి ఒకేలా కనిపిస్తుంది, హబ్బు మీద మాత్రం ఎక్కదు.

సమస్య: పాత ప్రైమరీ క్లచ్ వేశాక బెల్టు తెగుతోంది, కాలిన వాసన, పట్టుకునేటప్పుడు కుదుపు

జనం ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ప్రైమరీ అంటే ఇంజను క్రాంకు మీద కూర్చుని బెల్టుని తిప్పే క్లచ్. కొనేముందు క్లచ్చిని చేతిలోకి తీసుకుని షీవ్ (బెల్టుని పట్టుకునే పళ్లెం) ముఖం మీద గోరు అడ్డంగా లాగండి. గోరు మెట్టులా ఎక్కడైనా తగిలిందంటే అక్కడ గాడి పడింది, కొత్త బెల్టు కూడా ఆ గాడిలోనే జారుతుంది. నీలం, ఊదా రంగు మరకలుంటే విపరీతంగా వేడెక్కిన క్లచ్. లోపలి రోలర్లను వేలితో తిప్పండి. ఒకచోట చదునుగా అరిగినవి ఆగి ఆగి తిరుగుతాయి. కదిలే షీవ్‌ని పక్కలకి ఊపితే టకటకమంటే లోపల రాసుకునే బటన్లో బుష్షులో అరిగాయి. స్పైడర్ (రోలర్లు బిగించిన కాళ్ల భాగం) సందుల్లో నల్లటి దారాలుంటే ఆ క్లచ్ ఇదివరకే ఒక బెల్టుని మింగింది.

వెయిట్ల (క్లచ్‌లోని చిన్న బరువుల) మీద కొట్టిన నంబర్లు మీ పాతవాటితో పోల్చండి. గ్రాముల త్రాసులో తూస్తే సెట్టు మొత్తం ఒకే బరువు ఉండాలి. పాత యజమాని పెద్ద టైర్ల కోసం వెయిట్లు, స్ప్రింగు మార్చి ఉండొచ్చు, ఆ సంగతి ప్రకటనలో కనపడదు. కవరు, కదిలే షీవ్, స్పైడర్ల మీది ఎక్స్ గుర్తులు మూడూ ఒకే గీతలో లేకపోతే బ్యాలెన్సు తప్పి బండి వణుకుతుంది.

క్లచ్ బాగానే ఉన్నా బెల్టు తెగుతోందా? అయితే ఇంజను మౌంట్ల రబ్బరు చూడండి. అది చచ్చిపోతే ఇంజను కదిలి రెండు క్లచ్చులూ వరస తప్పుతాయి. క్లచ్ గాలి గొట్టంలో బురద ఉందేమో కూడా చూడండి. బిగించేటప్పుడు క్రాంక్ టేపరునీ క్లచ్ రంధ్రాన్నీ బ్రేక్ క్లీనరుతో తుడిచి పొడిగా ఎక్కించండి, గ్రీజు చుక్క కూడా తగలకూడదు. బోల్టు టార్క్ సర్వీసు మాన్యువల్లో చూసి, రెంచితోనే బిగించాలి. బెల్టు మాత్రం కొత్తదే వేసి, మొదటి 50 మైళ్లు మెల్లగా నడపండి.

సమస్య: ఏడబ్ల్యూడీ నొక్కినా ముందు చక్రాలు లాగడం లేదు

ఏడబ్ల్యూడీ అంటే నాలుగు చక్రాలూ లాగే స్విచ్. డిఫరెన్షియల్ (ముందు చక్రాలని తిప్పే గేరు పెట్టె) కొనేముందు మల్టీమీటరు తీయండి. ఇంజను ఆపి, డిఫరెన్షియల్ దగ్గర రెండు వైర్ల కనెక్టరు ఊడదీసి కాయిల్ (కరెంటు ఇస్తే ముందు చక్రాలని కలిపే అయస్కాంతం చుట్ట) కొలవండి. సుమారు 24 ఓమ్‌లు ఉంటే కాయిల్ బాగుంది. ఇంజను నడుస్తుండగా స్విచ్ వేసినా కనెక్టరుకి 12 వోల్టులు రాకపోతే తప్పు వైరింగులో ఉంది, డిఫరెన్షియల్ మార్చడం దండగ.

రెండూ సరిగ్గా ఉంటే కవరు విప్పి ఆర్మేచర్ ప్లేటు (కాయిల్ లాక్కునే ఇనప పళ్లెం) చూడండి. ఒకదానిలో ఒకటిగా రెండు స్పష్టమైన అరుగుదల వలయాలు ఉండాలి. ఒక్కటే ఉన్నా, రెంటి మధ్యా అరిగినా కాయిల్ సరిగా కూర్చోలేదేమో చూడాలి. వలయం మధ్యలో తెగి ఉంటే ప్లేటు వంకర పోయిందని అర్థం, అందుకే ఒకసారి పట్టి ఒకసారి పట్టదు. చాలాసార్లు ప్లేటు, రోలర్ కేజీ (లోపలి రోలర్లని పట్టుకునే చట్రం) మారిస్తే సరిపోతుంది.

పూర్తి యూనిట్ కొనాల్సివస్తే యార్డులోనే పరీక్షించండి. కాయిల్ వైర్లకి 12 వోల్టుల బ్యాటరీ తగిలించి, ఇన్‌పుట్ షాఫ్టు తిప్పండి. రెండు పక్కల అవుట్‌పుట్‌లూ పట్టుకుని తిరగాలి. బ్యాటరీ తీసేస్తే వదిలేయాలి. ముందు గేరు నిష్పత్తి వెనకదానికి సరిపోవాలి కాబట్టి పార్టు నంబరు ఒక్క అంకె కూడా తేడా రాకూడదు. నూనె డిమాండ్ డ్రైవ్ ఫ్లూయిడే పోయాలి. నాలుగు టైర్ల ఎత్తూ ఒకటే ఉండాలి.

సమస్య: మలుపులో టకటక, లేదా యాక్సిల్ ఊడివస్తోంది

టకటకకి సీవీ (యాక్సిల్ చివరి కీలు) కప్పులో పడిన గాడులు కారణం. కొత్త బూటు వేసి అమ్ముతున్న యాక్సిల్ అయితే బూటు క్లాంపు విప్పి, వేలితో కప్పు లోపల తడమండి. ఊడిరావడానికి పాత సర్‌క్లిప్ కారణం. ఆ క్లిప్పు కొత్తది వేసి, యాక్సిల్‌ని తోసి, గట్టిగా లాగి చూడండి.

సమస్య: పాత ఏ-ఆర్మ్ వేశాక బండి పక్కకి లాగుతోంది

ఏ-ఆర్మ్ అంటే చక్రాన్ని చాసిస్‌కి కలిపే కడ్డీ. వంగిన ఆర్మ్ మీద కొత్త రంగు మెరుస్తుంటుంది. చదునైన బల్ల మీద మీ మంచి ఆర్మ్ పక్కన పెట్టి రంధ్రాలు పోల్చండి. అదీ సరిగ్గా ఉంటే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) సరిచూడాలి. టైర్ల ముందు దూరం వెనక దూరం కంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి.

సమస్య: పాత ఈసీఎమ్ పెడితే స్టార్టవడం లేదు

క్యాన్-యామ్‌లో తాళంచెవి ఈసీఎమ్‌తో (ఇంజను కంప్యూటరుతో) జతపడి ఉంటుంది. డీలరు కంప్యూటరు దాన్ని కలిపితే గానీ బండి లేవదు. ఆ ఖర్చు కూడా లెక్కేసుకుని బేరమాడండి. కనెక్టరు పిన్నుల మీద పచ్చని తుప్పు కనబడిందా, నీట మునిగిన బండిది, వద్దు.

బెల్టు, బ్రేకు ప్యాడ్లు, సీటు బెల్టు, ఇంధనం గొట్టాలు, వంగిన రోల్ కేజి పాతవి కొననే వద్దు. 2013–2016 ఆర్‌జెడ్‌ఆర్ 900, 1000 బండ్లు సుమారు 1,33,000 వరకు మంటలు రేగే ప్రమాదం వల్ల 2016 ఏప్రిల్‌లో రీకాల్ అయ్యాయి. అలాంటి బండి ఎగ్జాస్టు, ఇంధనం భాగాల జోలికి పోకండి.

తెచ్చిన పార్టు బిగించి కొన్ని రైడ్లు తిరిగేదాకా పాతదాన్ని పారేయకండి. బుష్షులు, స్పేసర్లు, సెన్సార్లు యార్డువాళ్లు ఊడదీసేటప్పుడే పోగొడతారు, అవి దొరికేది మీ పాత పార్టులోనే.