సెకండ్ హ్యాండ్ ట్రాలీకి టైర్లు, బేరింగులు ఇలా బాగు చేయించాను

పరకాల దగ్గర పాత ట్రాక్టర్ ట్రాలీ ఒకటి కొన్నాను. పత్తి నింపి వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు తోలే ముందు చక్రాల పని పెట్టుకున్నాను.

టైర్లు పెద్దగా అరగలేదు. కానీ పక్కల నిండా సన్నని పగుళ్లు. తయారీ అచ్చు చూస్తే 3114, అంటే 2014లో 31వ వారం. అరగకపోయినా ఎండకు రబ్బరు చచ్చిపోతుంది. రెండూ మార్చేశాను.

అసలు పని బేరింగులదే. జాకీ మీద లేపి చక్రం తిప్పితే గరగరమంది, పైనా కిందా పట్టి ఊపితే లూజు. హబ్ (బేరింగులు కూర్చునే చక్రం నడిమి భాగం) విప్పితే గ్రీజు నల్లగా గట్టిపడి, రోలర్లు వేడికి నీలం తిరిగి ఉన్నాయి. అలాంటి బేరింగును కడిగి మళ్లీ వాడకూడదు. కప్పు, అంటే రోలర్లు తిరిగే బయటి రింగు, పాతదే ఉంచుదామన్నాడు మెకానిక్ అన్న. నేను ఒప్పుకోలేదు, పాత కప్పులో కొత్త రోలర్లు ఎక్కువ కాలం నిలవవు. గ్రీజు బయటికి కారకుండా ఆపే ఆయిల్ సీల్ కూడా కొత్తదే వేయించాను. గ్రీజు అరచేతిలో పెట్టుకుని, రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా ఒత్తాం. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వెనక్కి వదిలి, నట్టు తిరగకుండా కొత్త పిన్ను వేశాం.

ఖాళీ ట్రాలీతో కొంతదూరం తోలి హబ్ మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. చెయ్యి ఆనించలేనంత కాలితే నట్టు ఎక్కువ బిగిసిందేమో చూసుకోవాలి. మర్నాడు చక్రాల బోల్టులు ఇంకోసారి బిగించి, పత్తి ఎత్తాం.