రిఫరీ కళ్లతో ఫుట్‌బాల్ – 4వ పాఠం: ‘బాల్‌నే తాకాడు కదా!’

పోయిన పాఠం చివర ఇచ్చిన ఒక్క ప్రశ్న ఇంత గొడవ చేస్తుందనుకోలేదు. 2021 జులై, వెంబ్లీ, యూరో (యూరప్ దేశాల కప్పు) సెమీఫైనల్. ఇంగ్లండ్, డెన్మార్క్ 1-1తో ఎక్స్‌ట్రా టైమ్‌లో ఉండగా ఇంగ్లండ్ ఆటగాడు స్టెర్లింగ్ బాక్స్‌లోకి (గోల్ ముందుండే పెనాల్టీ ఏరియాలోకి) దూసుకొచ్చి పడిపోయాడు, రిఫరీ మకెలీ పెనాల్టీ ఇచ్చాడు. మీరైతే ఇస్తారా అని అడిగాను. సగం మంది “తగిలింది, కాబట్టి పెనాల్టీ” అని రాసి పంపారు. మిగతావాళ్లు “గట్టిగా తగల్లేదు, కాబట్టి డైవ్ (కావాలని పడిపోయాడు)” అన్నారు. రెండింటికీ సున్నా మార్కులే. తప్పు కొంత నాదీ ఉంది. ఫౌల్ తీవ్రతకి అజాగ్రత్త, దుడుకు, మితిమీరిన బలం అని మూడు మెట్లు చెప్పాను గానీ, వాటిని ఎవరికి వర్తింపజేయాలో చెప్పలేదు.

డిఫెండర్‌కి. పడిపోయినవాడికి కాదు. వాడు ఎలా పడ్డాడు, ఎన్ని పల్టీలు కొట్టాడు, ఎంత గట్టిగా అరిచాడు అన్నది పక్కన పెట్టి, అవతలివాడు ఏం చేశాడో చూడండి. అజాగ్రత్తగా కాలు అడ్డం పెడితే ఫౌల్, అంతే. ఎదుటివాడికి ప్రమాదమని పట్టించుకోకుండా దూకితే పసుపు కార్డు. అవసరానికి మించిన బలం వాడితే ఎరుపు. ఊరికే తగలడం ఈ మూడింట్లో ఏదీ కాదు. అలాగని గట్టిగా తగిలితేనే ఫౌల్ అనీ కాదు. పూర్తి వేగంలో పరిగెత్తేవాడి మడమకి వేలంత తాకిడి చాలు, బోర్లా పడతాడు. స్టెర్లింగ్ విషయంలో నేనైతే విజిల్ ఊదేవాణ్ణి కాదు. “మరి వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి సాయం చేసేవాళ్లు) ఎందుకు మార్చలేదు?” అంటే, మైదానంలో ఇచ్చిన నిర్ణయం స్పష్టమైన తప్పైతేనే అది కల్పించుకుంటుంది. మార్చలేదంటే ఆ పెనాల్టీకి సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు.

ఇక ఈ పాఠం అసలు సంగతి. పంపిన జవాబుల్లో నాకు ఒళ్లు మండించిన మాట ఒకటుంది: “బాల్‌ని ముందు తాకాడు కదా!”

ఏ నిబంధనలో ఉందండీ అది? ఫౌల్‌ల గురించి చెప్పే 12వ నిబంధన తెరిచి చూడండి, బాల్‌ని తాకితే మాఫీ అని ఎక్కడా లేదు. పాత రోజుల్లో టాకిల్ (కాలితో బాల్ లాక్కోబోవడం) గురించి, బాల్ కంటే ముందు ప్రత్యర్థిని తాకితే ఫౌల్ అనే మాట ఉండేది. దాన్ని తీసేశారు. కామెంటేటర్ల నోళ్లలో మాత్రం ఇంకా బతికే ఉంది. బాల్ తాకడం ఒక ఆధారం, డిఫెండర్ అంచనా తప్పలేదని చెప్పే ఆధారం. అంతవరకే.

ఇది నాకు చదివితే తెలిసింది కాదు. కాలేజీ పిల్లల మ్యాచ్‌కి విజిల్ పట్టుకున్న రోజుల్లో, వాన పడ్డ గ్రౌండ్‌లో ఒక రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండర్) జారుతూ వచ్చాడు. బూటు అంచు బాల్‌కి తగిలి, బాల్ జానెడు పక్కకి జరిగింది. వాడు ఆగలేదు. రెండో కాలు పైకి లేచి ప్రత్యర్థి వింగర్ (అంచున ఆడే ఫార్వర్డ్) మోకాలి కింద దిగింది. “బాల్, బాల్” అని వాడు రెండు చేతులూ ఎత్తాడు, నేనూ తలూపి ఆట సాగనిచ్చాను. ఆ వింగర్‌ని ఇద్దరు భుజాలు పట్టుకుని బయటికి నడిపించారు. అతని సాక్సు మీద దిగిన ఆ బూటు బురద గుర్తు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

దీనికి తోబుట్టువు ఇంకోటి: “షాట్ కొట్టేశాక కదా తగిలింది!” బాల్ ఆటలో ఉన్నంతసేపూ ఫౌల్ ఫౌలే, బాల్ ఎక్కడున్నా సరే. 2024 యూరో సెమీఫైనల్ మన దగ్గర రాత్రి పన్నెండున్నరకి మొదలైంది, నిద్ర ఆపుకుని చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండ్ ఆటగాడు కేన్ షాట్ కొట్టాడు, అడ్డుకోబోయిన నెదర్లాండ్స్ ఆటగాడు డంఫ్రీస్ బూటు అడుగు అతని పాదానికి తగిలింది. రిఫరీ జ్వాయర్ మానిటర్ చూసొచ్చి పెనాల్టీ ఇచ్చాడు. నెదర్లాండ్స్ అభిమానులు ఇప్పటికీ ఒప్పుకోరు. అదే మైదానం మధ్యలో జరిగుంటే ఫ్రీ కిక్ ఇస్తారా? నేనైతే ఇస్తాను. బాక్స్‌లోకి రాగానే కొలత మారదు. భారీ శిక్ష కదా అని జాలిపడటం మన బలహీనత.

ఇంకా నమ్మకం కుదరకపోతే 1982 చూడండి. సెవిల్లెలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ ప్రపంచకప్ సెమీఫైనల్. ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ షాట్ కొట్టేశాడు. జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ (రేసు కార్ల ఆయన కాదు) గాల్లోకి ఎగిరి తుంటితో అతన్ని గుద్దేశాడు. బాటిస్టన్ స్పృహ తప్పాడు, పళ్లు ఊడాయి. రిఫరీ కోర్వర్ ఇచ్చింది ఏంటో తెలుసా? గోల్ కిక్. అంటే ఫౌలే లేదన్నట్టు, బాల్ జర్మనీకే.

అభ్యాసం. పైన చెప్పిన డంఫ్రీస్, షూమాకర్ ఘటనలు రెండూ సౌండ్ తీసేసి చూడండి. కామెంటరీ వింటే మీ బుర్ర అమ్ముడుపోయినట్టే. ముందు మామూలు వేగంలోనే చూడండి. స్లో మోషన్ ఎక్కడ తగిలిందో తేల్చుకోవడానికే, ఎంత గట్టిగా తగిలిందో దాంట్లో చూడకూడదు. స్లోలో చూస్తే భుజం తట్టినా హత్యాప్రయత్నంలా కనిపిస్తుంది. వీఏఆర్ వాళ్లకీ ఇదే నియమం. తర్వాత ఒక్కోదానికి ఒక్క వాక్యంలో తీర్పు రాయండి. ‘బాల్’, ‘షాట్’, ‘కావాలని’ అనే మాటలు వాడకూడదు. జట్టు పేర్లు కూడా వద్దు. మీ వాక్యాన్ని ఆ మ్యాచ్ చూడని ఇంట్లోవాళ్లకి చదివి వినిపించండి, కార్డు రంగు వాళ్లు చెప్పగలగాలి. చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

హ్యాండ్‌బాల్ గురించి ఇప్పుడు అడగొద్దు. దానికి ఒక పాఠం చాలదు.