ఫిన్లాండ్‌లో చదువు మొదలుపెడుతున్నారా? మొదటి కొన్ని నెలల్లో ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఫిన్లాండ్‌కి వచ్చిన కొత్తలో మనవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడేది చలితో అనుకుంటారు కానీ, చలికి కోటు కొనుక్కుంటే సరిపోతుంది. అసలు చిక్కు ఏంటంటే ఇక్కడ ఎవరూ ఏదీ గుర్తు చేయరు. మన కాలేజీల్లో ఫీజు కట్టకపోతే నోటీసు బోర్డులో పేరు వేస్తారు, అటెండెన్స్ తగ్గితే నాన్నకి ఫోన్ వెళ్తుంది, హాల్ టికెట్ తీసుకోమని క్లాసుకొచ్చి మరీ చెప్తారు. ఇక్కడ మీ పని మీరే చూసుకుంటారని వాళ్లు అనుకుంటారు, ఎవరో ఒకరు చెప్తారులే అని మనం కూర్చుంటాం. అడిగితే మాత్రం ఎంతసేపైనా ఓపిగ్గా చెప్తారు. నేను చదివింది టాంపెరేలో కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే. వేరే ఊళ్లో ఆఫీసుల పేర్లు మారతాయి గానీ చేయాల్సిన పనులు ఇవే.

బయల్దేరక ముందే గది

సీటు ఖాయం చేసిన రోజే హౌసింగ్‌కి కూడా అప్లై చేసేయండి, వీసా వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. స్టూడెంట్లకి ఇళ్లు ఇచ్చే సంస్థలు ఊరికొకటి ఉన్నాయి. హెల్సింకిలో హోఆస్, టాంపెరేలో టోఆస్, తుర్కులో టీవైఎస్, ఔలులో పీసోఆస్. ఆగస్టు, సెప్టెంబరుల్లో అందరూ ఒకేసారి దిగుతారు కాబట్టి ఆలస్యమైతే ఊరి చివర కూడా దొరకదు. గది మీ ఒక్కరిదీ, వంటిల్లు, బాత్రూమ్ ఇద్దరు ముగ్గురితో కలిపి ఉండే ఫ్లాట్ అన్నిటికంటే చవక. మొదటి ఏడాది అదే తీసుకోండి, మాట్లాడటానికి ఒక మనిషైనా ఉంటారు.

చాలా గదుల్లో సామాను ఉండదు. మంచం, పరుపు మాత్రమే కాదు, కొన్నిచోట్ల సీలింగుకి లైటు కూడా ఉండదు, ఎవరి దీపం వాళ్లే తెచ్చుకోవాలి. ఆగస్టులో రాత్రి తొమ్మిది దాకా వెలుతురే కాబట్టి మొదటి రోజు ఈ సంగతి తెలియదు, పది గంటలకి బాత్రూమ్ లైటు వేసి తలుపు తీసి పెట్టుకుని బట్టలు సర్దుకునేటప్పుడు తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ సామానుకి తోరి అనే సైటు చూడండి, కిర్పుతోరి అని బోర్డు కనిపించిన ప్రతి షాపులోకీ తొంగి చూడండి. అక్కడ పాత వస్తువులు వాడటం ఎవరికీ నామోషీ కాదు. ఇంకో మాట, తాళం ఇచ్చే ఆఫీసు వారాంతంలో ఉండకపోవచ్చు. శనివారం రాత్రి దిగేలా విమానం టికెట్ కొనకండి. ఎయిర్‌పోర్టు నుంచి టాంపెరే వెళ్లేవాళ్లు లోకల్ ట్రైన్‌లో తిక్కురిలా దాకా వెళ్లి అక్కడ వీఆర్ (ఫిన్లాండ్ ప్రభుత్వ రైల్వే) రైలు ఎక్కాలి. ముందే కొంటే టికెట్ తక్కువకి వస్తుంది.

దిగిన వారం: హెతు, తర్వాతే మిగతావి

హెతు అంటే ఆ దేశం ఇచ్చే వ్యక్తిగత గుర్తింపు నంబరు, మొత్తం 11 అక్షరాలు, మొదటి ఆరూ మీ పుట్టిన తేదీ. మన ఆధార్ లాంటిదే కానీ దీన్ని ఇంకా ఎక్కువ వాడతారు, బ్యాంకు, డాక్టరు, ఉద్యోగం, ఏదైనా మొదట అడిగేది ఇదే. రెసిడెన్స్ పర్మిట్ అప్లికేషన్‌లోనే దీన్ని కూడా అడగొచ్చు, అలా అడిగితే పర్మిట్‌తో పాటే వచ్చేస్తుంది. రాకపోతే జనాభా వివరాలు నమోదు చేసే డీవీవీ అనే ఆఫీసుకి పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటర్ పట్టుకుని వెళ్లాలి. నంబరు ముందే వచ్చినా అక్కడ చిరునామా నమోదు చేయించుకోవాలి, ఇది వేరే పని. తర్వాత ఇల్లు మారిన ప్రతిసారీ వారం లోపు ఆన్‌లైన్‌లో చెప్పాలి.

దాని తర్వాత బ్యాంకు. అకౌంట్ తెరవడానికి అపాయింట్‌మెంట్ కావాలి, అది రావడానికే వారాలు పట్టొచ్చు కాబట్టి వచ్చిన మొదటి రోజే బుక్ చేయండి, అప్పటిదాకా ఇండియాలో తీసుకున్న ఫారెక్స్ కార్డుతో గడపండి. అకౌంట్ ఒక్కటే ఇస్తే సరిపోదు, ఆన్‌లైన్ బ్యాంకింగ్ కోడ్‌లు, వేరే సైట్లలో కూడా ఇది మీరేనని నిరూపించడానికి (స్ట్రాంగ్ ఐడెంటిఫికేషన్) పనికొచ్చేవి, ఇవ్వమని నోరు తెరిచి అడగండి. ట్యాక్స్ ఆఫీసు, కెలా (ప్రభుత్వ సామాజిక భద్రతా సంస్థ), డాక్టరు అపాయింట్‌మెంట్, ఇలా ప్రతి సైటులోనూ లాగిన్ అయ్యేది బ్యాంకు కోడ్‌లతోనే. నేను అడగలేదు. అకౌంట్ వచ్చిందని సంబరపడి బయటికి వచ్చేశా, మళ్లీ అపాయింట్‌మెంట్‌కి మూడు వారాలు.

యూనివర్సిటీలో మీ అంతట మీరే చేయాల్సినవి

ప్రతి ఏడాదీ నేను ఈ సంవత్సరం చదువుతున్నాను అని సిస్టమ్‌లో నమోదు చేసుకోవాలి. సీటు వచ్చింది కదా అని ఊరుకుంటే సీటు పోతుంది. యూనివర్సిటీ అయితే స్టూడెంట్ యూనియన్ ఫీజు తప్పనిసరి, అప్లైడ్ సైన్సెస్ కాలేజీ అయితే మీ ఇష్టం. నా మాట వింటే కట్టేయండి, లంచ్‌కీ రైలుకీ వచ్చే డిస్కౌంట్‌కి అందరూ చూపించేది ఆ యూనియన్ కార్డే.

అందరూ మర్చిపోయేది హెల్త్ ఫీజు. స్టూడెంట్ల వైద్యం వైటీహెచ్‌ఎస్ చూస్తుంది, డబ్బు కట్టాల్సింది మాత్రం కెలాకి, ఏడాదికి రెండుసార్లు, సెప్టెంబరు 30 లోపు ఒకటి, జనవరి 31 లోపు ఒకటి. బిల్లు రాదు. మెయిల్ వస్తుందని చూస్తూ కూర్చుంటే గడువు దాటిపోయి పైన ఇంకో 5 యూరోలు పడతాయి. ఇప్పుడే ఫోన్‌లో రిమైండర్ పెట్టేయండి.

క్లాసు పది గంటలకి అని రాసి ఉంటే చాలాచోట్ల పదింపావుకి మొదలవుతుంది, అకడమిక్ క్వార్టర్ అంటారు. అలాగని పరీక్షకి కూడా తీరిగ్గా వెళ్లొద్దు. కోర్సుకి రిజిస్టర్ అవ్వడం ఒకటి, దాని పరీక్షకి మళ్లీ రిజిస్టర్ అవ్వడం ఇంకొకటి. రెండోది మర్చిపోయి పరీక్ష రోజు పెన్ను పట్టుకుని వెళ్లి వెనక్కి వచ్చేసినవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు. ఏడాదికి 60 క్రెడిట్లు లెక్క, ఒక్కో క్రెడిట్‌కి సుమారు 27 గంటల పని. క్లాసులు తక్కువగా ఉన్నాయని సంతోషించకండి, మిగతా గంటలు లైబ్రరీలో పడతాయి. ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలవాలి. సార్ అంటే ఆయన వెనక్కి తిరిగి చూస్తాడు, ఎవరినో అనుకుని. నోరు తిరగడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

తిండి

మధ్యాహ్నం భోజనం క్యాంపస్‌లోనే తినండి. కెలా సబ్సిడీ ఉంటుంది, కార్డు చూపిస్తే సుమారు 3 యూరోలకి కూర, అన్నమో బంగాళాదుంపలో, సలాడ్, రొట్టె, పాలు అన్నీ వస్తాయి. ఆ డబ్బుకి ఇంట్లో వండుకోవడం కూడా కష్టమే. పదిన్నర, పదకొండుకే మొదలుపెట్టి మధ్యాహ్నానికి మూసేస్తారు, మన లెక్కన రెండున్నరకి వెళ్తే ఖాళీ గిన్నెలు కనిపిస్తాయి. గురువారం బఠాణీ సూప్, పాన్‌కేక్ పెట్టడం ఆచారం. మామూలు సూప్‌లో పంది మాంసం ఉంటుంది, శాకాహారులు వేగన్ గిన్నె ఏదో చూసుకుని వడ్డించుకోవాలి. తిన్న పళ్లెం మీరే తీసుకెళ్లి పెట్టాలి.

రాత్రికి వంట అంటారా, కందిపప్పు, చింతపండు, కరివేపాకు ఏషియన్ షాపుల్లో దొరుకుతాయి, హెల్సింకి వెళ్తే హకానియెమి వైపు చూడండి. పెరుగుకి డబ్బా మీద మౌస్తమాటోన్ అని ఉండాలి, అంటే ఏ రుచీ కలపనిది. అది చూడకుండా కొంటే వెనిలా పెరుగన్నం తినాల్సొస్తుంది. పీమా అని ఒక ప్యాకెట్ ఉంటుంది, చూడటానికి అచ్చం పాల ప్యాకెట్‌లాగే. నేను దాంతో టీ పెట్టా. పొంగు రాకముందే విరిగి గిన్నె నిండా తెల్లటి ముక్కలు, సంగతేంటో అర్థంకాక ఇంకో ప్యాకెట్ తెరిచి దాంతో కూడా పెట్టా. పీమా అంటే చిక్కటి మజ్జిగ అని తర్వాత పక్క గది అమ్మాయి చెప్పింది. ఇప్పుడు నీళ్లు పోసి, అల్లం, ఉప్పు వేసుకుని హాయిగా తాగుతున్నా.

పోపు పెట్టే ముందు పొయ్యి పైన ఫ్యాన్ వేయండి, గది తలుపు మూయండి, మూత చేతిలో పట్టుకోండి. ఎండుమిర్చి ఘాటు సీలింగు మీదున్న స్మోక్ అలారానికి తగిలిందంటే ఫ్లోర్ మొత్తం లేస్తుంది. దానికి ప్లాస్టిక్ కవరు కట్టే తెలివి మాత్రం చూపించకండి, ప్రమాదం. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, వాటర్ బాటిళ్లు కొనకండి. ఖాళీ సీసాలు, డబ్బాలు పారేయకండి, వాటి మీద పాంత్తి అని డిపాజిట్ ఉంటుంది. కూల్‌డ్రింక్ డబ్బాకి 15 సెంట్లు, పెద్ద ప్లాస్టిక్ సీసాకి 40, సూపర్ మార్కెట్లో మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది. పార్టీ అయిన మర్నాడు ఆ చీటీతో రెండు భోజనాలు గడిచిన రోజులున్నాయి.

ఇంటి మర్యాదలు

తలుపు లాగితే చాలు, దానంతటదే తాళం పడుతుంది. ఈ ఒక్క వాక్యం నాకెవరైనా ముందే చెప్పి ఉంటే అక్టోబరులో చెత్త వేయడానికి హవాయి చెప్పులతో కిందికి వెళ్లి, ఫోను, తాళం లోపలుండిపోయి, కారిడార్‌లో నలభై నిమిషాలు నిలబడేవాణ్ని కాదు. బిల్డింగ్ మెయింటెనెన్స్ వాళ్లు వచ్చి తీస్తారు, ఊరికే తీయరు, ఆ డబ్బుతో పది లంచ్‌లు తినొచ్చు. రాత్రయితే ఇంకా ఎక్కువ. వాళ్ల నంబరు మెట్ల దగ్గర బోర్డు మీద ఉంటుంది, తాళం మెడలో వేసుకున్నా తప్పులేదు.

బట్టలు ఉతికే గదికి ముందే టైమ్ బుక్ చేసుకోవాలి, కొన్నిచోట్ల యాప్, కొన్నిచోట్ల గోడ మీద కాగితం. ఇంకొకరి టైమ్‌లో మీ బట్టలు మెషీన్‌లో ఉంటే ఎవరూ తిట్టరు, ఒక చీటీ రాసి అంటిస్తారు. ఆ చీటీ చదవడం తిట్టు తినడం కన్నా బాధ. సౌనాకి, అంటే ఆవిరి స్నానం గదికి కూడా ఇలాగే వంతులుంటాయి, మొదటిసారి మొహమాటపడకుండా వెళ్లండి. ఇక బాత్రూమ్‌లో టాయిలెట్ పక్కనే చేతి షవర్ ఉంటుంది, ఈ విషయంలో మనకి యూరప్‌లో ఫిన్లాండ్ అంత దగ్గరివాళ్లు తక్కువ.

పార్ట్‌టైమ్ ఉద్యోగం

స్టూడెంట్ పర్మిట్ మీద వారానికి సగటున 30 గంటలు చేయొచ్చు. చేరేముందు ట్యాక్స్ కార్డు తీసుకుని యజమానికి ఇవ్వండి, ఇవ్వకపోతే జీతంలో 60 శాతం కోసేస్తారు. ఉద్యోగం దొరికాక ఖర్చులు చూసుకుందాం అని మాత్రం రాకండి, ఫిన్నిష్ రాకపోతే మొదటి కొన్ని నెలలు క్లీనింగ్, డెలివరీ తప్ప పెద్దగా ఉండవు, అవి కూడా పోటీనే.

మనుషులు

మాట్లాడరు, మాట్లాడరు అంటారు కదా, అదంతా బస్సులో. వాళ్ల మధ్యకి వెళ్లాలంటే హాలరిత్ కొనుక్కోండి. మెకానిక్ వేసుకునే ఓవరాల్ లాంటిది, ఒక్కో డిపార్ట్‌మెంటుకి ఒక్కో రంగు, ఈవెంట్లలో ఇచ్చే గుడ్డ బ్యాడ్జీలు దాని మీద కుట్టుకుంటారు. కుట్టడానికి పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం వాడండి, తెగదు. కొత్తగా చేరినవాళ్లని ఫుక్సి అంటారు, మొదటి వారాల్లో ఫుక్సిల కోసం పెట్టే ప్రతి దానికీ వెళ్లండి, తాగకపోయినా ఎవరూ పట్టించుకోరు. సిత్సిత్ అనే విందులో రెండు ముద్దలకో పాట, పాట నడుస్తుంటే తినకూడదు, కాబట్టి కాస్త తినే వెళ్లండి. టాంపెరేలో టెక్నాలజీ చదివే ఫుక్సిలని మే 1న బోనులో కూర్చోబెట్టి క్రేన్‌తో ఊరి మధ్య పారే తమ్మెర్‌కోస్కి నీళ్లలో ముంచుతారు. నీళ్లు ఎలా ఉంటాయో అడగొద్దు.

అక్టోబరు తర్వాత

కోటు ఇండియాలో కొనకండి, ఇక్కడే కొనండి. ఒక్క లావు కోటు కన్నా లోపల పొరలు ముఖ్యం, బస్సులు, క్లాసులు వేడిగా ఉంటాయి, విప్పుకోగలగాలి. బూట్లకి డబ్బు ఖర్చు పెట్టండి, నవంబరులో కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచు మీద జారిపడటం అసలు మంచు కన్నా ప్రమాదం. కోటుకి హెయాస్తిన్ అనే మెరిసే బిళ్ల వేలాడదీయండి, చీకట్లో నడిచేవాళ్లు పెట్టుకోవాలని రూల్. డిసెంబరులో హెల్సింకిలోనే పగలు ఆరు గంటలు కూడా ఉండదు, ఉత్తరాన ఔలులో ఇంకా తక్కువ, విటమిన్ డి మాత్రలు వేసుకుంటూ మధ్యాహ్నం కాసేపైనా బయట నడవండి. మనసు బాగాలేకపోతే వైటీహెచ్‌ఎస్‌కి ఫోన్ చేయండి, ఫీజు కట్టింది అందుకు కూడా. అత్యవసరమైతే 112.

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, మనకీ ఇంటికీ తేడా రెండున్నర గంటల నుంచి మూడున్నరకి పెరుగుతుంది. రోజూ ఒకే టైమ్‌కి ఫోన్ చేసే అలవాటుంటే అమ్మకి ముందు రోజే చెప్పండి, లేకపోతే ఆ ఆదివారం ఆవిడ గంటసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటుంది.