పక్క ఊళ్లతో కలిసి ప్రజారోగ్య సేవలు నడపాలంటే ముందే తేల్చుకోవాల్సినవి

చిన్న పట్టణంలో ఆరోగ్య విభాగం అంటే చాలాచోట్ల ఒక ఇన్‌స్పెక్టరు, ఒక నర్సు, పూటపూటా వచ్చిపోయే ఒక క్లర్కు, అంతే. ఇన్‌స్పెక్టరు సెలవు పెడితే హోటళ్ల తనిఖీ ఆగిపోతుంది, నర్సు ప్రసూతి సెలవు మీద వెళ్తే ఆరు నెలల టీబీ కోర్సులో ఉన్నవాళ్లు మందులు వేసుకుంటున్నారో లేదో అడిగే దిక్కుండదు. పక్క ఊళ్లోనూ ఇదే పరిస్థితి. మూడు నాలుగు ఊళ్లు కలిస్తే ఈ గండం గడుస్తుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది, అనిపించాలి కూడా. కానీ ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అందరిదీ అనుకున్న పని చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. ఈ గైడ్‌లో నేను చెప్పేదంతా ఆ గొర్రెను కాపాడుకోవడం గురించే.

మొదట ఒక్క పని ఎంచుకోండి. ఒక్కటే. అన్నీ కలిపేద్దాం అని మొదలుపెట్టిన చోట మీటింగులు తప్ప ఏమీ జరగవు. ఊరి సరిహద్దు దాటి నడిచే సమస్య అయితే మేలు, ఎందుకంటే అక్కడ కలవాల్సిన అవసరం ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. దోమల సంగతే చూడండి: వేడి కాలంలో గుడ్డు నుంచి దోమ కావడానికి దాదాపు వారం, పది రోజులు చాలు. మీరు ఈ వారం నీళ్లు పారబోయించి, అవతలి ఊరు మూడు వారాల తర్వాత ఆ పని చేస్తే, సరిహద్దు వీధుల్లో ఉన్నవాళ్లకు మీ కష్టం వల్ల ఒరిగేది ఏమీ ఉండదు. రెండు ఊళ్లకూ ఒకటే క్యాలెండర్ పెట్టుకుంటే చాలు, దానికి పైసా ఖర్చు లేదు. ఇలాంటి పనితో మొదలుపెడితే మనుషుల మధ్య నమ్మకం కుదురుతుంది, ఆ తర్వాత పెద్ద విషయాలు మాట్లాడుకోవడం తేలికవుతుంది.

కలవడం అంటే విలీనం అని భయపడే కౌన్సిలర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లకు ఇందులో మెట్లున్నాయని చూపించండి. అవసరమైనప్పుడు సాయం చేసుకోవడం ఒక మెట్టు, ఒక ఊరు ఇంకో ఊరికి ఒప్పందం మీద సేవ అందించడం రెండోది, ఒక కార్యక్రమాన్ని ఉమ్మడి కమిటీ కింద నడపడం మూడోది, అన్నీ కలిపి ఒకే ప్రాంతీయ విభాగం చేయడం చివరిది. ఏ మెట్టు మీదైనా ఆగిపోవచ్చు, తప్పేం లేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 351 పట్టణాలు, నగరాలు ఉంటే ఎవరి హెల్త్ బోర్డు వారిదే అన్నట్టు నడిచేది, అక్కడ 2020లో చట్టం తెచ్చి మరీ పక్క ఊళ్లు సేవలు పంచుకోవడాన్ని ప్రోత్సహించారు. నెదర్లాండ్స్‌లో మున్సిపాలిటీలన్నీ కలిసి 25 ప్రాంతీయ ఆరోగ్య సేవల ద్వారా ఈ పని చేయించుకుంటాయి. అంటే ఇది ఎక్కడా జరగని వింత కాదు.

ఇక అసలు విషయం, అధికారం. ఇక్కడ నేను దెబ్బ తిన్నాను కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను. ఒకసారి మా ఇన్‌స్పెక్టరు లేని వారం పక్క ఊరి ఇన్‌స్పెక్టరును పిలిపించుకున్నాం. ఆయన ఒక హోటల్ వంటగదిలోకి వెళ్లాడు. ఫ్రిజ్‌లో పచ్చి మాంసం పైన, తినడానికి సిద్ధంగా ఉన్న కూర కింద, మాంసం నీళ్లు దాని మీదికే కారుతున్నాయి. అక్కడికక్కడే మూసేయమని నోటీసు రాశాడు. యజమాని ఆ కాగితం తిప్పి చూసి, ఇందులో వేరే ఊరి ముద్ర ఉందేంటి, మీకు ఇక్కడ ఏం హక్కు ఉంది అన్నాడు. నిజంగానే లేదు! మా కౌన్సిల్ ఆయన్ని నియమిస్తూ ఒక్క తీర్మానం కూడా చేయలేదు. ఆ రాత్రి వంటగది మళ్లీ తెరుచుకుంది, మేం చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది.

కాబట్టి ఒప్పందం మీద సంతకాలు పెట్టక ముందే మీ న్యాయ సలహాదారును కూర్చోబెట్టి అడగండి. తనిఖీకి లోపలికి వెళ్లే హక్కు, నమూనా తీసుకునే హక్కు, మూయించే హక్కు, జరిమానా వేసే హక్కు, వీటిలో ఏది మీ చట్టం ప్రకారం ఇంకో ఊరి ఉద్యోగికి ఇవ్వవచ్చో, ఏది కుదరదో తేల్చుకోండి. కుదిరేవాటికి ప్రతి ఊరి కౌన్సిలూ విడివిడిగా పేరుతో సహా తీర్మానం చేయాలి. గుర్తింపు కార్డు, నోటీసు పుస్తకం, ముద్ర ఏ ఊరివి ఆ ఊరివి తయారుగా ఉంచండి. అప్పీలు వస్తే ఎవరు వింటారో, కోర్టుకెళ్తే ఖర్చు ఎవరిదో కూడా రాసుకోండి.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. జనాభా లెక్కన పంచుకుందాం అంటే పెద్ద ఊరు గొణుగుతుంది, సమానంగా అంటే చిన్న ఊరు పారిపోతుంది. వాడుకున్నంత కట్టాలంటే ఇంకో చిక్కు వస్తుంది. ఖర్చవుతుందని చిన్న ఊరు ఫోన్ చేయడమే మానేస్తుంది, జబ్బు ముదిరాక చెప్తుంది. నాకు నచ్చింది రెండూ కలిపిన లెక్క. ఖర్చులో ఐదో వంతు అందరూ సమానంగా, మిగతాది జనాభా ప్రకారం. 40 వేలు, 25 వేలు, 10 వేలు జనాభా ఉన్న మూడు ఊళ్లనుకుంటే వాటాలు దాదాపు 49, 33, 17 శాతం వస్తాయి. కమిటీలో మాత్రం ఊరికొక ఓటే ఉండాలి, లేకపోతే పెద్ద ఊరు చెప్పిందే వేదమవుతుంది.

ఉద్యోగి జీతం ఏదో ఒక ఊరి పద్దులోనే ఉండాలి. సెలవు మంజూరు చేసేది, ప్రమాదం జరిగితే బీమా చూసుకునేది కూడా ఆ ఊరే. ఇద్దరు బాసులున్న నర్సుకు ఉండేంత టెన్షన్ ఇంకెవరికీ ఉండదు, ఆమెను ఆ స్థితిలోకి నెట్టకండి.

ఒప్పందం రాశాక దాన్ని పరీక్షించడానికి ఒక పూట కేటాయించండి, ఇది ఎవరూ మానకూడని పని అని నా గట్టి నమ్మకం. అందర్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఇలా అడగండి: శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు ఒక డాక్టరు ఫోన్ చేసి మీజిల్స్ (తట్టు) కేసు అంటున్నాడు, పేషెంటు ఉండేది మొదటి ఊళ్లో, ఉద్యోగం రెండో ఊళ్లో, చూపించుకున్న క్లినిక్ మూడో ఊళ్లో. ఇప్పుడు ఏం చేస్తారు? మీజిల్స్ వైరస్ మనిషి వెళ్లిపోయాక కూడా గదిలో గాలిలో రెండు గంటల వరకు ఉంటుంది, అందుకని క్లినిక్‌లో ఆయన తర్వాత వచ్చి కూర్చున్నవాళ్ల పేర్లు కూడా కావాలి. ఆ వైరస్ సోకే అవకాశమున్న చోట ఉన్నవాళ్లలో టీకా పడనివాళ్లకు, అక్కడ ఉన్నప్పటి నుంచి 72 గంటల్లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంది. అంటే గడియారం ఇప్పటికే నడుస్తోంది.

ఆ బల్ల దగ్గరే లోపాలన్నీ బయటపడతాయి. క్లినిక్ జాబితా ఎవరు తెస్తారు? మూడు ఊళ్ల జాబితాల్లో ఒకరు పుట్టిన తేదీ రాస్తారు, ఒకరు వయసు రాస్తారు, ఇంకొకరు చేత్తో రాసిన కాగితాన్ని ఫోటో తీసి పంపుతారు. వీటిని కలిపేసరికి అర్ధరాత్రి దాటుతుంది. శనివారం టీకాల ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గరుంది? రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాల్సిన టీకాలను పక్క ఊరికి ఏ పెట్టెలో తీసుకెళ్తారు, దారిలో థర్మామీటర్ ఎవరు చూస్తారు? ప్రతి ప్రశ్నకూ ఒక పేరు, ఒక ఫోన్ నంబరు, ఆయన ఎత్తకపోతే రెండో పేరు రావాలి. "సంబంధిత ఊరు చూసుకుంటుంది" అని ఎవరైనా అన్నారంటే అక్కడ గొర్రె పుచ్చడం మొదలైనట్టే, ఆ వాక్యం కొట్టేసి పేరు రాయించండి.

పేషెంట్ల వివరాలు పంచుకునేటప్పుడు పనికి కావలసినంతే పంచుకోండి. వాట్సాప్ గ్రూపులో పేర్లు పెట్టొద్దు, దయచేసి. ఎవరు చూడవచ్చో, ఎన్నాళ్లు ఉంచాలో ఒప్పందంలోనే ఉండాలి.

విడిపోయే దారి కూడా మొదటి రోజే రాసుకోవాలి. బయటికి వెళ్లాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి (కనీసం ఒక బడ్జెట్ సంవత్సరం అయితే ఉద్యోగి రోడ్డున పడడు), ఉమ్మడిగా కొన్న ఫ్రిజ్, వాహనం ఎవరికి పోతాయి, సగంలో ఉన్న టీబీ కేసుల్ని ఎవరికి అప్పజెప్పాలి. ఇది అపనమ్మకం కాదు. ఎప్పుడైనా బయటపడవచ్చని తెలిస్తేనే చిన్న ఊరు ధైర్యంగా లోపలికి వస్తుంది.

జనానికి చెప్పడం మర్చిపోకండి. మా నర్సమ్మను తీసేస్తున్నారా అనేది వాళ్ల మొదటి ప్రశ్న. అదే ఫోన్ నంబరు పనిచేస్తుందని, అదే రోజు అదే చోట టీకాలు వేస్తారని, కొత్తగా ఏం వస్తుందో కూడా చెప్పండి.

మొదటి మూడు నెలలు ప్రతి ఫోన్ కాల్‌నూ ఒక నోటు పుస్తకంలో రాయించండి: ఏ ఊరి నుంచి, ఎప్పుడు వచ్చింది, ఎవరు ఎత్తారు, ఎంతసేపట్లో మనిషి అక్కడికి వెళ్లాడు. మూడో నెల చివర ఆ పుస్తకం పట్టుకుని కమిటీ కూర్చోవాలి. ఏదైనా ఊరి నుంచి ఫోన్లే రాలేదంటే అక్కడ జబ్బులు లేవని కాదు, స్వయంగా ఆ ఊరికి వెళ్లి ఎందుకు చేయడం లేదో అడిగి రండి.