మెరిసే బుడగలో వేడి కొలవాలంటే

ముందే చెప్తున్నాను, నీళ్లతో మొదలుపెట్టకండి. శబ్దతరంగాలతో నీటిలో బుడగను మెరిపించవచ్చు గానీ, ఆ వెలుగు వర్ణపటంలో సాధారణంగా ఒక్క గీతా (ఏ పరమాణువు వెలుగో చెప్పే సన్నని చార) కనిపించదు. దానికి బ్లాక్‌బాడీ వక్రం (వేడి వస్తువు వేడిని బట్టే వెలువరించే కాంతి తీరు) అతికించి ఏదో ఒక ఉష్ణోగ్రత చెప్పేయొచ్చు. నేనైతే ఆ అంకెను నమ్మను. దాదాపు 200 నానోమీటర్ల కింద నీరే కాంతిని మింగేస్తుంది, వక్రం శిఖరం అక్కడే దాక్కుని ఉండొచ్చు.

నా ఓటు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి. 2005లో ఫ్లానిగన్, సస్లిక్ అనే పరిశోధకులు అందులోనే ఆర్గాన్ గీతలు పట్టుకుని సుమారు 15,000 కెల్విన్ అని లెక్కగట్టారు. ఆమ్లంలోని గాలిని వాక్యూమ్ పంపుతో లాగేసి, తక్కువ పీడనంలో ఆర్గాన్ ఎక్కించండి. గ్లవ్స్, ఫేస్‌షీల్డ్ లేకుండా ఫ్లాస్క్ జోలికి వెళ్లొద్దు.

ట్రాన్స్‌డ్యూసర్లను (శబ్దతరంగాలు పుట్టించే పరికరాలను) ఫ్లాస్క్ రెజొనెన్స్‌కు, అంటే అది సహజంగా కంపించే పౌనఃపున్యానికి, ట్యూన్ చేస్తే బుడగ నడుమకు వస్తుంది. ఆమ్లంలో అది కుదురుగా ఉండదు, చిన్నగా తిరుగుతూ ఉంటుంది. అందుకే స్పెక్ట్రోమీటర్ (కాంతిని రంగులుగా విడదీసి కొలిచే పరికరం) సన్నటి స్లిట్ మీద దాని ప్రతిబింబాన్ని నిలబెట్టాలని తంటాలు పడకుండా, కాంతిని మోసే లావుపాటి ఫైబర్‌ను ఫ్లాస్క్‌కు ఆనించండి. మెరుపులు సెకనుకు వేలసార్లు వస్తాయి కాబట్టి ఎక్స్‌పోజర్ పొడిగిస్తే చాలు.

అసలు పని క్యాలిబ్రేషన్‌లో ఉంది, ఎందుకంటే ఉష్ణోగ్రతను గీతల తీవ్రతల నిష్పత్తి నుంచే లెక్కగడతాం. మనకు కావలసిన ఆర్గాన్ గీతలు 700–900 నానోమీటర్ల మధ్య ఉంటాయి. ఆ గీతలను వెలువరించే పరమాణువుల పై శక్తిస్థాయిలన్నీ సుమారు 12.9 నుంచి 13.5 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్యే ఇరుక్కున్నాయి. శక్తుల తేడా ఇంత తక్కువైతే, తీవ్రతలో పది శాతం పొరపాటు కూడా ఉష్ణోగ్రతను వేల కెల్విన్లు జరిపేయగలదు. స్టాండర్డ్ టంగ్‌స్టన్ దీపాన్ని అదే ఫ్లాస్క్, అదే ఆమ్లం గుండా చూసి, స్పెక్ట్రోమీటర్ స్పందనను సరిచేసుకోండి. గ్రేటింగ్ (కాంతిని విడదీసే గీతల పలక) రెండో ఆర్డర్ కాంతి, అంటే సగం తరంగదైర్ఘ్యపు కాంతి అదే చోట పడి, కలవకుండా 450 నానోమీటర్ల కింద ఆపేసే ఫిల్టర్ తప్పనిసరి.

తర్వాత వెనకాల ఉన్న నున్నటి వెలుగును తీసేసి, గీత ఎత్తును కాకుండా వైశాల్యాన్ని కొలవండి. ఒత్తిడికి గీతలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బోల్ట్జ్‌మన్ ప్లాట్ (గీతల తీవ్రతను శక్తితో పోల్చి, వాలు నుంచి ఉష్ణోగ్రత తీసే గ్రాఫ్) వేసుకోవచ్చు, కానీ రకరకాల ఉష్ణోగ్రతలకు లెక్కగట్టిన వర్ణపటాలను కొలతతో పోల్చడం నాకు ఎక్కువ నచ్చుతుంది. పొంతన ఎక్కడ చెడిందో కంటికే తెలుస్తుంది.

వచ్చిన అంకె పక్కన ధ్వని పీడనం, ద్రవం, ఆర్గాన్ పీడనం రాసి పెట్టండి. బుడగను నడిపే ధ్వని బలం మారితే అంకె మారుతుంది. పైగా మనకు చేరే వెలుగు కాంతి బయటికి రాగలిగిన పొరల నుంచే వస్తుంది. లోపలి గర్భం ఇంకా వేడిగా ఉండొచ్చు. కాబట్టి దాన్ని "బుడగ ఉష్ణోగ్రత" అనకుండా "ఉద్గార ఉష్ణోగ్రత" అని రాయండి.