ఇంట్లో బ్రేక్ ప్యాడ్లు మార్చే ముందు
- నేల గట్టిగా, చదునుగా ఉండాలి. మట్టి మీద జాకీ వద్దు.
- వీల్ నట్లు చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేయండి.
- చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలనే. వాటిని లేపితే ఆ పట్టు పోయినట్టే, కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టాల్సిందే.
- జాకీ లేపడానికే, మోయడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో నూనెను ఆపే సీల్ లీకైతే బండి కిందికి దిగిపోతుంది. బండి బరువు మోసే జాక్ స్టాండ్ల మీదకు దించి, చేత్తో ఊపి చూసి, అప్పుడే చక్రం తీయండి. ఇది మాత్రం దయచేసి వదిలేయొద్దు.
- ప్యాడ్ల దుమ్మును ఊదొద్దు, మాస్క్ వేసుకోండి.
- కొత్త ప్యాడ్లు పట్టడానికి పిస్టన్‌ను (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) వెనక్కి నెట్టాం కాబట్టి మొదట్లో బ్రేక్ పెడల్ అడుగుదాకా పోతుంది. గట్టిపడేదాకా తొక్కాకే బండి కదపండి.
- పెడల్ తీరు ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటుంది. మీ కారు నిన్న ఎలా ఆగిందో దానితోనే పోల్చుకోండి.